మీలో ఎట్లా చేస్తారు?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు నకారా కేసు తీర్పు వచ్చిన రోజు. పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదని 1982లో సుప్రీంకోర్టు చెప్పిన రోజు. ఆ సంగతి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు. డి.ఏ. బకాయిల విషయం కార్యదర్శిగారు చూసుకుంటారు. నాకు మాత్రం వేరే పని అప్పగించారు. "సాయిబూ, సర్వీసు పొడుగునా జనం నిన్ను మీ మతం గురించి అడుగుతూనే ఉన్నారు గదా, ఎవరేమడిగారో, నువ్వేం చెప్పావో చెప్పు, కాసేపు నవ్వుకుంటాం" అన్నారు. నవ్వుకునేవి చాలా ఉన్నాయి. నవ్వుకోలేనిది ఒకటుంది. అదీ చెప్తాను.

నేను 1973లో ఆళ్లగడ్డ తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. కాపురం నంద్యాలలోనే. పొద్దున ఆర్.టి.సి. బస్సు, సాయంత్రం ఆర్.టి.సి. బస్సు. దాదాపు నలభై కిలోమీటర్లు. మధ్యలో బదిలీలు అయ్యాయి, మండలాలు వచ్చాయి, తాలూకా ఆఫీసులు పోయాయి, 2008లో నంద్యాలలో రిటైరయ్యాను. ఈ ముప్పై అయిదేళ్లలో నన్ను ఎక్కువ ప్రశ్నలు అడిగింది పై అధికారులు కాదు, బస్సులో పక్కసీటు వాళ్లు. గడ్డం చూస్తారు, టోపీ చూస్తారు, శిరివెళ్ల దాటేలోపల మొదలుపెడతారు. అందరి ప్రశ్నా ఒకే తీరుగా ఉంటుంది: "సాయిబుగారూ, మీలో ఎట్లా చేస్తారు?"

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న రంజాన్ ఉపవాసం మీద. "నీళ్లు కూడా తాగరా?" తాగం. "ఉమ్మి కూడా మింగరంట గదా?" ఈ రెండో ప్రశ్నకు మావాళ్లే కారణం. కొందరు రోజాలో ఉండి కిటికీలోంచి అదేపనిగా ఉమ్ముతుంటారు. నోట్లో ఊరేది మింగితే రోజా పోదని మా ధర్మం తెలిసిన ఎవరినడిగినా చెప్తారు. కిటికీ పక్క సీటు వాళ్లకు ఆ మాట నేను చెప్పినప్పుడల్లా, వెనక సీటు వాళ్లు ఎక్కువ సంతోషించేవారు.

ఇంకో ప్రశ్న: "మీ రంజాన్ ఒక ఏడు ఎండల్లో, ఒక ఏడు వానల్లో వస్తుందేం? మీకు పంచాంగం లేదా?" ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, లెక్కల మనిషిని కాబట్టి. మాదీ చంద్రుడి లెక్కే, మీదీ చంద్రుడి లెక్కే. చాంద్రమాన సంవత్సరానికి దాదాపు 354 రోజులు. సూర్యుడితో సర్దుబాటుకు మీరు అప్పుడప్పుడు అధికమాసం కలుపుకుంటారు. మేం కలపం. అందుకని మా పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి, ముప్పై మూడేళ్లకు మళ్లీ మొదటి చోటికి వస్తుంది. 1986లో రంజాన్ నెల మే నెలలో మొదలైంది. అప్పుడు నాకు ముప్పై ఆరేళ్లు. నంద్యాల ఎండలో ఉపవాసముండి, ఆళ్లగడ్డకు పోయి, జమాబందీ లెక్కలు రాసి వచ్చాను. మళ్లీ 2019లో మే నెలలోనే మొదలైంది. ఎండ అదే, మనిషి మాత్రం డెబ్బైకి దగ్గరైనాడు. ఉన్నాను, కానీ మధ్యాహ్నం నాలుగు తర్వాత ఇంట్లోవాళ్లు నాతో మాట్లాడేవాళ్లు కాదు. జబ్బున్నవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది గదా అని మీరడగవచ్చు. ఉంది. షుగరు ఉన్న నా తోటివాళ్లు డాక్టరు చెప్పినట్టు వినండని ఈ వేదిక మీదినుంచే చెప్తున్నాను.

"మీరు పడమటికే ఎందుకు మొక్కుతారు, సూర్యుడు మునిగే దిక్కు గదా?" అని ఒక పెద్దాయన అడిగాడు. మక్కా మనకు పడమరన ఉంది కాబట్టి. ఈజిప్టు వాళ్లు ఆగ్నేయానికి తిరుగుతారు, యెమెన్ వాళ్లు ఉత్తరానికి తిరుగుతారు. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మక్కాలో ఉండేవాళ్లు?" అన్నాడు. కాబా చుట్టూ అన్ని వైపులా నిలబడి ఒకరికొకరు ఎదురుగా తిరుగుతారని చెప్పాను. ఆయనకు అది బాగా నచ్చింది.

పీర్ల పండుగ సంగతి వేరు. మన సీమలో సగం ఊళ్లలో పీరును ఎత్తేది హిందువులే. ఆళ్లగడ్డ దగ్గర ఒక రైతు నా ముందు కూర్చుని, "ముప్పై ఏండ్లుగా నేను గుండం తొక్కుతాండా, నువ్వు సాయిబువై ఉండి ఒక్కసారి తొక్కవా?" అని నిలదీశాడు. ఆయన దృష్టిలో నేను మతం సరిగా పాటించని మనిషిని. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుస్సేన్ అమరుడైన నెల అది, సంతాపం నెల, మాలో ఎత్తేవాళ్లూ ఉన్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు, మా ఇంట్లో వద్దంటారు అని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. అట్లాగే ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు పోతారట, నిజమేనా అని అడిగేవాళ్లు. నిజమే, బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, వెంకన్న మా అల్లుడు అని చెప్పుకుంటూ పోతారు. నేను పోలేదు. ఈ రెండు వాక్యాలూ చెప్పాలి. ఒకటే చెప్పి ఆపితే అబద్ధం చెప్పినట్టే.

"మీ ఉర్దూవాళ్లకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చింది?" అన్న ప్రశ్నకు మొదట్లో నొచ్చుకునేవాణ్ణి. మా నాయన తెలుగులోనే చదివాడు, నేను తెలుగులోనే ఫైళ్లు రాశాను. మన పక్కనే ఉన్న దూదేకులవాళ్లకు ఇంట్లో మాట కూడా తెలుగే. తర్వాత ఒక జవాబు దొరికింది. 1928లో మన నంద్యాలలో జరిగిన సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించిన వారు చిలుకూరి నారాయణరావుగారని చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. ఖురానును తెలుగులోకి అనువదించింది కూడా ఆ మహానుభావుడే. మన సీమకు పేరు పెట్టిన బ్రాహ్మణ పండితుడు మా గ్రంథాన్ని తెలుగు చేసినప్పుడు, నాకు తెలుగు రావడంలో వింతేముంది అని అడిగేవాణ్ణి. ఈ జవాబు బస్సులో బాగా పనిచేసేది. గెలిచినట్టుండేది.

గెలవని ప్రశ్న ఒకటి ఆడిట్ పార్టీలో వచ్చిన ఒకాయన అడిగాడు. "సాయిబుగారూ, మీకు వడ్డీ నిషేధం గదా, మరి జి.పి.ఎఫ్. మీద వడ్డీ తీసుకుంటారా?" ఇది మనవాళ్లందరికీ అర్థమయ్యే ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ 1960 నాటి జి.పి.ఎఫ్. నిబంధనల్లో, వడ్డీ వద్దని చందాదారుడు తెలియజేస్తే అతని ఖాతాకు వడ్డీ జమ చేయరాదని స్పష్టంగా ఉంది. 11వ నిబంధన. నిర్బంధంగా కోసుకునే సొమ్ము మీద ప్రభుత్వం కలిపి ఇచ్చేది వడ్డీ కిందికి రాదని మా పండితుల్లో కొందరంటారు, వస్తుందని కొందరంటారు. ఇదంతా నేను ఆయనకు అరగంట వివరించాను. ఆయన విని, "అది సరే, మీరు తీసుకున్నారా?" అన్నాడు. తీసుకున్నాను. పెద్దమ్మాయి పెళ్లికి అసలు ఒక్కటే చాలలేదు కాబట్టి తీసుకున్నాను. పండితుల మాట అప్పటికి నేను వెతకలేదు, తర్వాత వెతుక్కున్నాను. ఆ మాటే ఆయనతో చెప్పాను. ఆయన నవ్వలేదు, టీ తెప్పించాడు.

ఇప్పుడు ఆ నవ్వుకోలేని సంగతి.

1993 జనవరి. 1992 డిసెంబరు 6న అయోధ్యలో జరిగినది మీకు తెలుసు. ఆ తర్వాత కొన్ని వారాలు బస్సులో ప్రశ్నల తీరు మారింది. "మీలో ఎట్లా చేస్తారు" పోయి, "మీవాళ్లు ఎందుకు ఇట్లా చేస్తారు" వచ్చింది. ఎక్కడో బొంబాయిలో జరిగినదానికి ఆళ్లగడ్డ ఆఫీసు గుమాస్తా ఏం జవాబు చెప్తాడు? నాకు తెలిసిన మావాళ్లు మా ఇంట్లో ఆరుగురు. కానీ అప్పుడు ఆ మాట తోచలేదు. లోపల ఉడికిపోతూ ఉన్నాను.

అట్లాంటి ఒక పొద్దున పక్కసీట్లో ఒక మనిషి కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి, చొక్కా నిండా గ్రీజు మరకలు, రాత్రంతా నిద్రలేని కళ్లు. నా టోపీ వైపు రెండు మూడుసార్లు చూశాడు. శిరివెళ్ల దగ్గర పడుతుండగా అడిగాడు: "సాయిబుగారూ, మీలో మనిషి పోతే ఎన్ని గంటలకు ఎత్తుతారు? రేపటిదాంక పెట్టుకుంటారా?"

"మావాళ్ల శవాల లెక్క నీకెందుకయ్యా?" అన్నాను. గట్టిగానే అన్నాను. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. శిరివెళ్లలో దిగబోతూ నా దగ్గర ఆగి చెప్పాడు. "తప్పు అనుకోవద్దు సామీ. మా లారీ క్లీనర్ పిల్లోడు మీవాడే. రాత్రి యాక్సిడెంటులో పోయినాడు. పోస్టుమార్టం రేపటికి గానీ కాదంట. వాళ్లమ్మకు చెప్పను పోతాండా. అంతసేపు ఉంచితే మీలో తప్పేమో, ఏం చెప్పాల్నో తెలీక అడిగితి."

కండక్టరు రైటన్నాడు, బస్సు కదిలింది. నేను దిగి ఉండాల్సింది. ఆపమని ఒక్క కేక వేస్తే ఆగేది. వేయలేదు. ఆళ్లగడ్డ పోయి సీట్లో కూర్చున్నాను. ఆ రోజు డి.సి.బి. స్టేట్‌మెంటు కూడితే మూడుసార్లు మూడు మొత్తాలు వచ్చాయి.

సాయంత్రం శిరివెళ్లలో దిగాను. చావు ఇల్లు వెతకనక్కర్లేదు గదా, జనం ఉన్నారు. ఆయన బయట అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తల్లికి చెప్పేశాడు. నేను పక్కన కూర్చుని, పొద్దున చెప్పాల్సిన జవాబు అప్పుడు చెప్పాను. మాలో ఇన్ని గంటలని లెక్క లేదు, వీలైనంత త్వరగా ఎత్తాలి, చట్టం పనిమీద ఆలస్యమైతే ఎవరికీ తప్పు అంటదు. ఆయన తల ఊపాడు. పొద్దున సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మర్నాడు సెలవు పెట్టి పోయాను. శవం లారీలోనే వచ్చింది. స్నానం చేయించారు, మూడు తెల్లబట్టలు చుట్టారు, జనాజా నమాజు అయింది. ఆయన ఖబరస్తాన్ గోడ దగ్గర, గేటుకు ఇవతలే నిలబడిపోయాడు. నన్ను చూసి, "నేను లోపలికి రావచ్చునా?" అన్నాడు. రమ్మన్నాను. గుంత దగ్గరికి వచ్చాక, "నేనూ మన్ను వేయొచ్చునా?" అన్నాడు. మూడు పిడికిళ్లు వేయమన్నాను. మూడు వేశాడు. వంగి ఇంకొకటి తీసుకుని నాలుగోది కూడా వేశాడు. ఎందుకని నేను అడగలేదు.

ఆ తర్వాత కూడా పుల్లవిరుపు ప్రశ్నలు వచ్చాయి, ఇప్పటికీ వస్తాయి. ఇప్పుడైతే మా మనవళ్ల ఫోన్లలో వస్తున్నాయి. కానీ ముందు జవాబు చెప్పి, తర్వాతే కోపం తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాను. తెలియనిది తెలియదంటాను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇన్ని ప్రశ్నలు బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్లు అడిగారు గానీ, ముప్పై ఏళ్లు నాతో ఒకే గదిలో కూర్చున్న మీరెవరూ అడగలేదు. నాకు కష్టంగా ఉంటుందని కాబోలు. మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పనిమీద పోయినప్పుడు, మా సెక్షన్‌లో ఉండిన పాత మిత్రుడు కలిశాడు. ఇదిగో, ముందు వరసలోనే కూర్చున్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. బెంచీ మీద కూర్చుని, "ఇన్నేళ్లకు అడుగుతున్నా, ఆఫీసులో దసరా ఆయుధపూజకు పంచిన బొరుగులు, పుట్నాలు ఒక్కనాడైనా తిన్నావా?" అన్నాడు.

తినలేదన్నాను. దేవుడికి నైవేద్యం పెట్టినది మేం తినకూడదు, చేతికిస్తే వద్దనడానికి మనసు రాలేదు, తీసుకుని అటెండరుకు ఇచ్చేవాణ్ణి, ఎవరూ చూడలేదనుకున్నాను అని నిజం చెప్పాను.

"చూసినాం లే" అన్నాడు. "రెండో సంవత్సరం నుంచి నీ పొట్లం పూజకు ముందే కట్టి నా డ్రాయర్‌లో పెట్టేవాణ్ణి. దేవుడి ముందు పెట్టనే లేదు. నువ్వు తినొచ్చు."

ఇరవై ఏళ్ల బొరుగులు అటెండరు తిన్నాడు.