ఓపిక లేనివారి పెరటి తోట

 

పెరట్లో నాలుగు కూర మొక్కలు వేసుకోమంటే చాలామంది ఒకే మాట అంటారు. "పొద్దంతా కూలికి పోయి వస్తాం. మొక్కలకు నీళ్ళు మోసే ఓపిక ఎక్కడిది?" ఆ మాట నిజమే. అందుకే ఈ ముచ్చట ఓపిక లేనివారి తోట గురించి.

ఒక ఊళ్ళో ఒక అక్క. కూలి చేసుకుని బతుకుతుంది. ఒక ఏడు సంక్రాంతి వెళ్ళాక టమాట, వంగ, కాకర, బెండ అన్నీ ఒకేసారి వేసింది. పది రోజులు బోరింగు నుంచి బిందెలతో నీళ్ళు మోసింది. ఇంతలో మిరపకాయ కోతలు వచ్చాయి. పొద్దున పోతే చీకటికి రావడం. మొక్కలన్నీ ఎండిపోయాయి. "తోట నా వల్ల కాదు" అని వదిలేసింది.

ఆ ఎండాకాలంలోనే ఆమె చిన్నకూతురు చీకటి పడితే గడప తట్టుకుని పడసాగింది. కంచం ముందు పెట్టినా చేత్తో తడుముకునేది. నర్సమ్మకు చూపించారు. "ఇది రేచీకటి. విటమిన్ 'ఎ' తక్కువైతే వస్తుంది. అశ్రద్ధ చేస్తే చూపే పోతుంది" అని ఆసుపత్రికి పంపింది. అక్కడ మందు వేశారు. రోజూ ఆకుకూర పెట్టమన్నారు. ఆ ఊళ్ళో సంత వారానికి ఒక్కసారే. రోజూ ఆకుకూర ఎక్కడ తెస్తుంది?

అప్పుడు అత్త అంది: "నీళ్ళు మొక్క దగ్గరికి మోశావేమే అమ్మాయ్! నీళ్ళు పోయే చోటే మొక్క పెట్టు."

ఈసారి తొలకరికి ఆ అక్క నాలుగే వేసింది.

ఒకటి, బచ్చలి. జానెడు తీగ ముక్కను గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట గుచ్చింది. తీగను దడి మీదికి పాకించింది. ఆకుకు మురికి అంటదు. సబ్బు ఎక్కువగా ఉన్న నీళ్ళు మాత్రం పక్కకు పారబోసేది.

రెండు, మునగ. చేయి లావు కొమ్మను అడుగు లోతున, నీరు నిలవని మెరక మీద నాటింది. నీరు నిలిస్తే కొమ్మ కుళ్ళుతుంది. వేరు తన్నితే ఎండకు కూడా ఆగుతుంది. కొసలు తుంచుతూ ఉంటే ఆకు చేతికి అందుతుంది.

మూడు, గోంగూర. వాన తడికే మొలిచింది. మొక్క పీకకుండా కొసలు తుంచితే మళ్ళీ చిగురిస్తుంది.

నాలుగు, చిక్కుడు. పందిరి వేయలేదు. దడే పందిరి. ఆషాఢంలో పెట్టిన చిక్కుడు చలి మొదలైతే గాని కాయదు. అందుకే ముందు చేతికొచ్చే గోంగూర తోడు ఉండాలి. లేకపోతే మనిషి విసిగిపోతుంది.

మొక్కల మొదట్లో నాలుగు వేళ్ళ మందాన ఎండుటాకులు, గడ్డి పరిచింది. కలుపు తగ్గింది. తడి తొందరగా ఆరలేదు. చిక్కుడుకు పేనుబంక పడితే పొద్దున్నే, మంచు తడి ఉండగా బూడిద చల్లింది.

ఇంకో పని చేసింది. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలతో గోడ మీద బొగ్గుతో రాసింది: "గోంగూర, జూన్ 20." రోజులు లెక్కపెట్టింది. నెలా పది రోజులకు మొదటి ఆకు కోసింది. ఎన్నాళ్ళో తెలిస్తే ఎదురుచూడటం కష్టం కాదు.

రోజుకు ఒక్కొక్కరు సుమారు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. నాలుగు మొక్కలతో అంతా రాదు. కానీ రోజూ పిడికెడు ఆకు వస్తుంది. ఆకును బాగా కడిగి, ఉడికించిన నీళ్ళు పారబోయకుండా, చెంచాడు నూనె వేసి వండాలి. నూనె ఉంటేనే విటమిన్ 'ఎ' ఒంటికి బాగా పడుతుంది.

ఆ పాపకు చూపు కుదుటపడింది మందుతోనే. మళ్ళీ రాకుండా కాస్తున్నది పెరటి ఆకు. అయిదేళ్ళ లోపు పిల్లలకు ఆరు నెలలకోసారి వేసే విటమిన్ 'ఎ' మందు కూడా మానరాదు.

ఇవాళ ఇంటికి పోయి ఒక్కటి చూడండి. మీ ఇంటి నీళ్ళు ఎటు పోతున్నాయి? అక్కడే ఒక బచ్చలి తీగ గుచ్చండి. గోడ మీద తారీకు రాయండి.