సాక్షి మాటను సాపు చేయొద్దు

(విద్యార్థుల నాటక శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నాటకం గురించి మాట్లాడమని పిలిచిండ్రు గని మేము నాటకాలోళ్లం కాదు, పత్రికలోళ్లం. 2009 డిసెంబర్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్నోళ్లలో, బాష్పవాయువుకు కండ్లు మండి తడిగుడ్డ కోసం హాస్టల్ దిక్కు ఉరికినోళ్లలో మేము కూడా ఉన్నం. అప్పుడు చేతిలో ప్లకార్డు ఉండె, తర్వాత కలం వచ్చింది. నాటకం మాత్రం నిరుడు మొదలువెట్టినం. యూనివర్సిటీ పిల్లలు తొమ్మిది మందితోని 1969 ఉద్యమం మీద ఒక డాక్యుమెంటరీ నాటకం ఆడినం. ఎనభై నిమిషాల ఆట. దాంట్లో మాకు ఏం కుదిరిందో చెప్తే మీకు లాభం లేదు. ఎక్కడ తప్పినమో చెప్తం, అది పనికొస్తది.

డాక్యుమెంటరీ నాటకం అంటే రచయిత కూర్చొని మాటలు పుట్టించే నాటకం కాదు. జీవోలు, కోర్టు తీర్పులు, అసెంబ్లీ ప్రసంగాలు, పాత పత్రికల వార్తలు, బతికున్న సాక్షులు చెప్పిన మాటలు, ఇవే సంభాషణలు. జర్మనీలో పీటర్ వైస్ అనే రచయిత, ఆష్‌విట్జ్ నేరగాళ్ల మీద ఫ్రాంక్‌ఫర్ట్‌లో నడిచిన కోర్టు విచారణను 1965లో నాటకం చేసిండు. దాంట్లో ఒక కిటుకున్నది. ముద్దాయిలందరికీ పేర్లుంటయి, సాక్షులకు పేర్లుండవు. క్యాంపుల్లో మనుషుల పేర్లు గుంజుకొని నంబర్లు వేసిండ్రు గదా, అది మనకు యాదికొచ్చేటట్టు.

ఇంకొకటి అమెరికాది, ‘ది లారమీ ప్రాజెక్ట్’. వయోమింగ్ రాష్ట్రంలో లారమీ అనే చిన్న పట్నం. 1998 అక్టోబర్‌లో అక్కడి యూనివర్సిటీ విద్యార్థి మాథ్యూ షెపర్డ్‌ను, అతను స్వలింగ ప్రేమికుడని, కొట్టి కంచెకు కట్టేసి పోయిండ్రు. ఆస్పత్రిలో ప్రాణం ఇడిచిండు. మోయిసెస్ కాఫ్‌మన్ నడిపే న్యూయార్క్ నాటక బృందం వారాల్లోనే ఆ ఊరికి పోయి, వరుసగా రెండు వందలకు పైగా ఇంటర్వ్యూలు చేసి, 2000లో డెన్వర్‌లో నాటకం వేసింది. ఎనిమిది మంది నటులు, అరవైకి పైగా పాత్రలు. అప్పటి నుంచి అమెరికా కాలేజీల్లో పిల్లలు దాన్ని ఆడుతనే ఉన్నరు. మాకు అసలు సంగతి ఆ తర్వాతది. పదేండ్లకు అదే బృందం మళ్లీ ఆ ఊరికి పోతే, అది ద్వేషంతో చేసిన హత్య కాదు, ఉత్త దోపిడీ, మత్తుమందుల గొడవ అని చెప్పేటోళ్లు ఊర్లో తయారైండ్రు. పదేండ్లకే! మరి యాభై ఏండ్లు దాటిన మన అరవై తొమ్మిది సంగతేంది?

2009 మీద ఎందుకు వేయలేదని చాలామంది అడిగిండ్రు. 2009కి టీవీ కెమెరాలున్నయి, ఫోన్లున్నయి. అరవై తొమ్మిదిలో ఇరవై ఏండ్లున్నోళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటింది. తొందర ఆ లెక్కతోని వచ్చింది.

మా పిల్లలు తొమ్మిది మంది. రాష్ట్రం వచ్చిన 2014 జూన్ 2 నాటికి మూడో తరగతో నాలుగో తరగతో చదువుతున్నోళ్లు. లారమీ వాళ్లు చేసినట్టే, నటించేటోళ్లే పోయి సాక్షులను కలవాలని పెట్టుకున్నం. ఒక్కొక్కరు ఇద్దరిని కలవాలె, ఫోన్ల రికార్డు చేయాలె, విని అక్షరం అక్షరం కాగితం మీద పెట్టాలె. పోయిండ్రు, రాసుకొచ్చిండ్రు. చదివితే మాకు తల తిరిగింది. అందరు సాక్షులు ఒక్క తీరుగనే మాట్లాడుతున్నరు. అంతా పాఠ్యపుస్తకం. ‘మా పైన పోలీసులు విచక్షణారహితంగా లాఠీఛార్జి చేశారు’ అని ఖమ్మం జిల్లా ముసలాయన అన్నడట! రికార్డు పెట్టి విన్నం. ఆయన అట్ల అననే లేదు. పిల్ల సాపు చేసి రాసింది. ఎందుకమ్మా అంటే, ‘స్టేజీ మీద మంచిగుండాలె గద సార్’ అన్నది. మన బాసను సినిమాల్లో రౌడీకి, పనిమనిషికి, నవ్వులాటకు పెట్టిండ్రని ఉద్యమంలో గొంతు చించుకున్నోళ్లం. రాష్ట్రం వచ్చినంక పుట్టి పెరిగినంత పనైన పిల్ల, మర్యాద గల మాట అంటే పుస్తకం మాట అనే అనుకుంటున్నది. తప్పు ఆమెది కాదు. ఇంటర్వ్యూలకు కోచింగ్ ఇచ్చేకాడ ఏం నేర్పుతున్నరో మీకు తెలవదా?

ఆ ముసలాయన రికార్డులో ఇంకొక సంగతి దొరికింది. నలభై నిమిషాల మాటల్లో పది నిమిషాలు ఆయన కిరాయి సైకిల్ గురించే చెప్పిండు. ఊరేగింపుకు కిరాయి సైకిల్ మీద పోయిండట. లాఠీఛార్జిల సైకిల్ అక్కడే పడిపోయింది. దెబ్బలు తిని ఇంటికొచ్చినంక రాత్రంతా ఏడ్చింది దెబ్బలకు కాదు, సైకిల్ షాపాయనకు ఏం చెప్పాలె, బాపుకు ఏం చెప్పాలె అని. మూడు నెలలు ఆ షాపున్న గల్లీల నుంచి నడవలేదట. మా అమ్మాయి లాఠీని ఉంచింది, సైకిల్‌ను కొట్టేసింది. అనవసరం అనుకున్నది. నిజం చెప్పాలంటే మేము కూడా మొదట్ల అట్లనే అనుకున్నం. మన పత్రికల్లో కూడా అట్లనే చేస్తం గదా, ‘ఎదురొడ్డి నిలిచిన వీరుడు’ అని రాసి సైకిల్‌ను తీసేస్తం. కొట్టేసిన పది నిమిషాలు మళ్లా పెట్టించినం, కుదిస్తే నాలుగు నిమిషాలైంది. హాల్లో జనం కదిలింది ఆ నాలుగు నిమిషాల్లోనే.

ఇగ కాగితాల సంగతి. జీవోను నటించుడు ఎట్ల? ఉద్యోగులు ఇక్కడ చాలామంది ఉన్నరు గనుక ఇది కొంచెం వివరంగా చెప్తం. 1969 జనవరి 21 నాటి 36వ నంబరు జీవో తీసుకున్నం. తెలంగాణ స్థానికులకు ఉంచిన పోస్టుల్లో ఉన్న స్థానికేతరులను ఫిబ్రవరి 28 లోగా తప్పించాలని ఆ జీవో. దాని పక్కన 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో పెట్టినం. అయిదు, ఆరు జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా చేరినోళ్లను 1986 మార్చి 31 లోగా వెనక్కు పంపాలని అది. ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలవెట్టి, ఒక వాక్యం అందులది, ఒక వాక్యం ఇందులది చదివించినం. భావం పెట్టొద్దు, గొంతు లేపొద్దు, డిస్పాచ్ సెక్షన్ల చదివినట్టే చదవాలని షరతు. పదహారేండ్ల తేడా ఉన్నదని వినేటోళ్లకు తెలుస్తలేదు. ‘మార్చి 31 లోగా’ అనంగనే వెనక వరుసల ఒకాయన పకపకా నవ్విండు, రిటైరైన సచివాలయం ఉద్యోగట. ఆ నవ్వుకు హాలంతా నవ్వింది. మేము రాసిన ఏ మాటా అంత పని చేయకపోవు.

పీటర్ వైస్ కిటుకు మేము ఒకకాడ వాడుకున్నం. సాక్షుల పేర్లు చెప్పలేదు, సంతకాలు పెట్టినోళ్ల పేర్లు చెప్పినం. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేసిన ఎనిమిది మంది, అటు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, ఇటు బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఈ పేర్లు మూడుసార్లు వస్తయి నాటకంల. చెన్నారెడ్డి కాడ పిల్లలతోని పెద్ద పేచీ అయింది. ద్రోహి తీరుగ నటిస్తమన్నరు, కండ్లద్దాలు, మెల్లగ నవ్వుడు, అన్నీ తయారు చేసుకున్నరు. వద్దన్నం. ఒక పిలగాడు నిలవడి తేదీలే చదివిండు. 1956ల ఒప్పందం మీద సంతకం. 1969ల తెలంగాణ ప్రజా సమితికి నాయకత్వం. 1971 లోక్‌సభ ఎన్నికల్లో పద్నాలుగు సీట్లకు పది గెలుపు. అదే ఏడు సమితి కాంగ్రెస్‌ల కలుపుడు. 1978ల ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. చదివి కూసున్నడు. ఏమనుకోవాల్నో చూసేటోళ్లు అనుకున్నరు.

369 దగ్గర మాకు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. ఆ అంకెను మేము 2009ల వేల సార్లు నినాదంగ ఇచ్చినం. గన్‌పార్కుల ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం ముందర నిలవడి ఇచ్చినం. సర్కారు చెప్పిన లెక్క దానికి ఎంతో తక్కువ. డాక్యుమెంటరీ అన్నంక కాగితం చూపెట్టాలె గదా. మేము పోగు చేసిన కాగితాలల్ల పేరు, ఊరు, తేదీ మూడూ కలిసి దొరికినోళ్లు ఆ అంకెకు చానా తక్కువ మంది. సర్కారు లెక్క ఒప్పుకుందామా, మన అంకె అనుకుందామా? చివరికి అంకెనే అననియ్యలేదు. మూడూ దొరికినోళ్ల పేర్లు చదివినం, అయిపోయినంక ఆ పిల్ల అక్కడే నిలవడ్డది, కాగితం చేతులనే ఉన్నది, ఒక నిమిషం ఏం మాట్లాడదు. అది మాకు సరిపోయిందని అనలేం. ఒక అమరుని చెల్లె వచ్చి, మా అన్న పేరు చదవలేదు అన్నది. వివరాలు రాసుకున్నం. ఇప్పుడు చదువుతున్నం.

ఇంకొక తకరారు. తొమ్మిది మందిల ఒక అమ్మాయి తాత గుంటూరు జిల్లా నుంచి 1958ల హైదరాబాదుకు గుమస్తాగ వచ్చిండు. అరవై తొమ్మిదిల వాళ్ల ఇంటి మీద రాళ్లు పడ్డయి. మూడు రాత్రులు తలుపు తీయలేదు. ఎదురింటోళ్లు అన్నం పంపిండ్రు, రాయి వేసింది కూడా ఎరుకున్న పిల్లలే. ఇది ఆమె రిహార్సల్ల కాదు, చాయ్ తాగేకాడ చెప్పింది. ఇది కూడా సాక్ష్యమే గదా సార్ అన్నది. ఇద్దరు పిల్లలు లేచిండ్రు, ఇది పెడితే ఎదుటోళ్ల చేతికి కట్టె ఇచ్చినట్టని. ఇంకొకడన్నడు, మనం కొట్లాడింది సర్కారు తోని గని వాళ్ల తాత తోనా అని. రెండు సాయంత్రాలు ఇదే లొల్లి. సుప్రీంకోర్టు 1972 అక్టోబర్ 3న ముల్కీ నిబంధనలు చెల్లుతయని తీర్పు ఇచ్చినంక, జై ఆంధ్ర ఉద్యమంల అటు దిక్కు పిల్లలు కూడా పోలీసు కాల్పులకు చచ్చిపోయిండ్రు. వాళ్లను కూడా వాడుకొని వదిలేసిన నాయకులే ఉన్నరు. ఆ తాత మాట పెట్టినం.

పెట్టినంక అసలు తప్పు జరిగింది. ఆ అమ్మాయి తన తాత మాట తాను చదవనన్నది, ఏడుపొస్తదని. పాలమూరు పిలగానికి ఇచ్చినం. వాడు గుంటూరు యాస పెట్టి చదివిండు. రిహార్సల్ల అందరం నవ్వినం, మేము కూడా నవ్వినం. ఆ పిల్ల నవ్వలేదు. అప్పుడు తెలిసింది మేమేం చేస్తున్నమో. సినిమావోళ్లు మనకు చేసింది అదే. ఆ నాటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నం. సాక్షి వాడిన మాట వాడాలె, సాక్షి గొంతును అనుకరించొద్దు. మీరు రాసుకోండ్రి, ఇది పనికొస్తది.

ప్రదర్శన అయినంక మా పాత మిత్రుడొకరు, 2011 సకలజనుల సమ్మెల కలిసి తిరిగినోడే, ఉద్యమాన్ని బద్నాం చేసిండ్రని మా మీదికి వచ్చిండు. ఇప్పటికీ సరిగ మాట్లాడుతలేడు. తాత మాట పెట్టుడే సరైనదని మేము ఇప్పటికీ అనుకుంటున్నం, గని ఆయన బాధ ఉత్తది అని కూడా అనం. అన్నలను పోగొట్టుకున్న ఇల్లు వాళ్లది.

పాటలు పెట్టలేదా అని అడుగుతరు. ధూంధాం చూసి పెరిగినోళ్లం, పాట లేకుంటే మాకే ఊపిరాడదు. అయితే పాట వస్తే జనం మనతోని లేస్తరు. ఈ నాటకంల జనం కూర్చొని వినాలె. డప్పు ఒక్కటే ఉంచినం, దృశ్యం మారేకాడ మూడు దెబ్బలు.

సైకిల్ ముసలాయన మొదటి ఆటకే వచ్చిండు, మనుమని పట్టుకొని. ముందు వరుసల కూసున్నడు. అయిపోయినంక తెర వెనకకు వచ్చి మా అమ్మాయిని పిలిచిండు. ఆమె కాళ్లు వణికినయి, ఏమంటడో అని. ‘బిడ్డా, అన్నీ నేనన్నట్టే అన్నవు, గని సైకిల్ కిరాయి గంటకు పావలా అన్నవు. పావలా యాడిది? పది పైసలు’ అన్నడు. రికార్డు మళ్లా విన్నం. ఆయన పది పైసలనే అన్నడు. పావలా మా పిల్ల రాసుకున్నది. రెండో ఆటకు దిద్దినం.

ఇగ మీరు అడగండ్రి.