దూరదేశపు ఖైదీ, మన బాధ్యత



"ఎక్కడో చెరలో ఉన్నవారి కొరకు మనమిక్కడ ప్రార్థించి ఉత్తరము వ్రాసినందువలన ఏమి జరుగుతుందండీ?" అని ఒక సంఘపెద్ద నన్నడిగారు. అది న్యాయమైన ప్రశ్న. దక్షిణ కొరియాలో జరిగిన రెండు సంగతులతో జవాబు చెప్పగోరుచున్నాను.

1972లో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ రాజ్యాంగమును మార్చి సర్వాధికారము చేపట్టాడు. ఎదురు చెప్పినవారు చెరసాల పాలయ్యారు. 1974లో ఎనిమిదిమందికి మరణశిక్ష విధించారు. వారి భార్యలు మెథడిస్టు మిషనరీ జార్జ్ ఓగిల్ గారిని ఆశ్రయించారు. సియోల్‌లో గురువారము జరిగే కూడికలో ఆయన ఆ ఖైదీల కొరకు ప్రార్థించమన్నారు. ఆ డిసెంబరులోనే ఆయనను దేశమునుండి వెళ్ళగొట్టారు. 1975 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు శిక్షను ఖాయపరచినది. మరునాడే ఎనిమిదిమందిని ఉరితీశారు. 2007లో ఆ దేశపు న్యాయస్థానమే వారు నిర్దోషులని తీర్పు చెప్పినది. సత్యము బయటపడినది గాని ప్రాణములు తిరిగి రాలేదు.

రెండవది కిమ్ డే జుంగ్ గారి సంగతి. 1980 సెప్టెంబరులో సైనిక న్యాయస్థానము ఆయనకూ మరణశిక్ష విధించినది. ఈసారి లోకమంతా మొరపెట్టినది. సంఘములు, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, పరదేశ ప్రభుత్వములు అడిగాయి. పోపు రెండవ జాన్ పాల్ గారు లేఖ వ్రాశారు. 1981 జనవరిలో అది యావజ్జీవ శిక్షగా మారినది. 1998లో ఆయనే దేశాధ్యక్షుడయ్యారు. 1997 డిసెంబరు తరువాత ఆ దేశములో ఎవరినీ ఉరితీయలేదు.

ఇద్దరి కొరకూ ప్రార్థన జరిగినది. భేదమెక్కడ? కిమ్ గారి పేరు లోకమెరుగును. ఆ ఎనిమిదిమంది పేర్లు ఎరిగినవారు కొద్దిమందే. ప్రభుత్వములు తమ లాభమును కూడ చూచుకొంటాయి, నిజమే. అయినను అందరికీ తెలిసిన ఖైదీని రహస్యముగా చంపుట కష్టము. కనుక పేరులేని వారి పేర్లు మోయుటయే మన పని.

1998 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి, ఇతరుల హక్కుల కొరకు నిలబడుట కూడ హక్కేనని ప్రకటించినది. 2024 డిసెంబరు 3 రాత్రి కొరియాలో మరల సైనిక శాసనము ప్రకటించినప్పుడు ప్రజలు పార్లమెంటు వద్దకు పరుగెత్తారు. కొద్ది గంటలలోనే హాజరైన 190 మంది సభ్యులూ దానిని రద్దు చేయవలెనని ఓటు వేశారు. పాత గాయమును మరువని ప్రజలు వారు.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము 3వ వచనము ఇంటికి వెళ్ళి చదవండి. నెలకొక ఖైదీ పేరు మన ప్రార్థనలో పలుకుదాము. మర్యాదగా ఒక ఉత్తరము వ్రాద్దాము. ఫలితము దేవునిది, తపాలా బిళ్ళ మనది.