సిగరెట్ మానడానికి మందు ఉన్నది తమ్మీ

(మే 31, పొగాకు వ్యతిరేక దినం నాడు మన క్యాంపు మెస్ హాలులో మాట్లాడిన మాటలు. నైట్ డ్యూటీ ఉండి రాలేని వాళ్లు అడిగితే రాసి పెడుతున్న.)



నేను డాక్టరును కాదు. పదో తరగతి దాకా చదివి, స్టీల్ ఫిక్సర్‌గా దోహా వచ్చి, ఇప్పుడు సూపర్వైజర్‌గా చేస్తున్న. "పద్దెనిమిదేండ్లు తాగి మానినవు కదా, నువ్వే మాట్లాడు" అని గ్రూపు వాళ్లు నన్ను నిలబెట్టిన్రు. మాట్లాడే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంట.

మా గ్యాంగులో ఒక స్కాఫోల్డింగ్ తమ్ముడు ఉండేటోడు. ఊర్లో ఉన్నప్పుడు బీడీ కూడా ముట్టని పిల్లగాడు. వచ్చిన కొత్తల ఇంటి మీద బెంగతోటి అన్నం తినకుండ కూసుంటే, నేనే సిగరెట్ ముట్టించి చేతిల పెట్టిన. స్లాబ్ టైంకు అయిపోతే గ్యాంగుకు పెట్టె పంచేది కూడా నేనే. ఏడేండ్లకు ఆయన రోజుకు పెట్టెన్నర దాకా వచ్చిండు. రెండేండ్ల కింద ఒక పొద్దున మూడో అంతస్తు ఎక్కి, ఛాతి పట్టుకొని కూలబడ్డడు. అప్పటికి ముప్పై ఆరేండ్లు. స్టెంట్ వేసిన్రు, బతికిండు. కానీ ఎత్తు మీద పని ఇక వద్దన్నరు. ఊరికి పోయిండు. తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఇప్పుడు ఆయన భార్య బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నది.

ఆసుపత్రిలో డాక్టరు "సిగరెట్ ఎందుకు మానలేదు?" అని అడిగితే ఆయన ఏమన్నడో తెలుసా? "మూడు సార్లు మానిన సార్. నా మనసే గట్టిది కాదు" అన్నడు. పక్కన నేను ఉన్న. నేను కూడా రెండు సార్లు మాని మళ్ల మొదలుపెట్టినోణ్ణే. నా గురించి నేను అనుకునేది కూడా అదే మాట.

తర్వాత నేను క్లినిక్‌కు పోయినప్పుడు తెలిసింది, ఆ మాటలో సగం అబద్ధం ఉన్నదని. పొగ పీలిస్తే పది ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతది. రోజుకు ఇరవై సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు అనుకోండి. రోజుకు రెండు వందల సార్లు మెదడుకు అలవాటు చేస్తున్నం. ఒక్క రోజులో ఆపితే కోపం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి అన్నీ వస్తయి. మొదటి వారం చాలా కష్టం. మూడు నాలుగు వారాలకు చాలా మందికి తగ్గుతది. ఇది పిరికితనం కాదు, జబ్బు. జబ్బుకు మందు ఉంటది. ఆ మందుల కోసం అరవై ఏండ్ల నుంచి పరిశోధన జరుగుతున్నది.

మందు పని చేస్తదని ఎట్ల నమ్మాలె? మన సైట్ లెక్కనే చెప్త. కాంక్రీటు బండి డ్రైవరు "మంచి మాలు సార్" అంటే మనం ఊరుకుంటమా? క్యూబులు పోసి, నీళ్లల్ల పెట్టి, ఏడు రోజులకు ఒకసారి, ఇరవై ఎనిమిది రోజులకు ఒకసారి పగలగొట్టి చూస్తం. మందుల పరీక్ష కూడా అట్లాంటిదే. సగం మందికి అసలు గోలీ, సగం మందికి అదే రంగు, అదే సైజు డమ్మీ గోలీ ఇస్తరు. ఎవరికి ఏది పోయిందో మింగేటోనికి తెల్వది, ఇచ్చేటోనికీ తెల్వది. నెలకు చూస్తరు, ఏడాదికి చూస్తరు. "మానిన" అని నోటితో అంటే నమ్మరు. మిషన్‌లోకి ఊదిపిచ్చి ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉన్నదో కొలుస్తరు. తాగితే దొరికిపోతం.

ఒక పరీక్ష సంగతి చెప్త. యూరప్‌లో లాబర్నమ్ అని ఒక చెట్టు ఉంటది. పసుపు పచ్చ పూలు మన రేల చెట్టు లెక్కనే వేలాడుతయి. రెండో ప్రపంచ యుద్ధంలో పొగాకు దొరకక సిపాయిలు దాని ఆకులు కాల్చి తాగిన్రు. అందులో ఉన్న సైటిసిన్ అనే పదార్థంతో బల్గేరియా దేశం వాళ్లు 1964 నుంచి గోలీలు చేసి అమ్ముతున్నరు. కానీ గట్టి పరీక్ష చాలా ఏండ్లు జరగలేదు. 2011లో పోలండ్ దేశం వార్సాలో 740 మంది మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. ఇరవై ఐదు రోజుల మందు. ఏడాది తర్వాత చూస్తే, డమ్మీ గోలీ తిన్న 370 మందిలో 9 మంది మానిన్రు. అసలు గోలీ తిన్న 370 మందిలో 31 మంది.

మీరు నవ్వుతున్నరు, 370లో 31 మందేనా అని. నేను కూడా నవ్విన. కానీ లెక్క చూడండి. మూడింతల కంటే ఎక్కువ. ఇంకో సంగతి, మందు తిన్నోళ్లలో కూడా ఎక్కువ మంది మొదటిసారి మానలేదు. మరి వట్టి చేతులతో రెండు సార్లు ఓడిపోయిన నేను, "నాకు మనసు గట్టిగ లేదు" అనుకోవడం ఎంత తప్పు?

ఒక హెచ్చరిక. రేల చెట్టు వేరు, ఆ చెట్టు వేరు. ఆ లాబర్నమ్ గింజలు విషం. ఊర్లో ఏ చెట్టు గింజలూ నమిలి చూడకండి.

ఇప్పుడు దొరికే మందులు చెప్త.

నికోటిన్ చూయింగ్ గమ్. ఇది స్వీడన్‌లో పుట్టింది. సబ్‌మెరైన్‌లో పొగ తాగనియ్యరు కాబట్టి నావికులు నోట్లో పొగాకు పెట్టుకునేటోళ్లు. అది చూసి అక్కడి శాస్త్రవేత్తలకు ఆలోచన వచ్చింది: పొగ లేకుండ, పొగాకు లేకుండ, కొలిచిన నికోటిన్ ఒక్కటే ఇస్తే ఎట్లుంటదని. మనోళ్లు చేసే తప్పు, దీన్ని పిల్లల గమ్ లెక్క చకచక నమలడం. కడుపుల మండుతది, ఎక్కిళ్లు వస్తయి. మెల్లగ నమిలి, నాలుక చురుక్కుమనంగనే దవడ పక్కకు పెట్టాలె. చురుకు తగ్గినంక మళ్ల నమలాలె. గమ్‌కు ముందు పావుగంట చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ తాగొద్దు, పని చెయ్యదు.

నికోటిన్ ప్యాచ్. చర్మం మీద అంటించుకునే పట్టీ. మన చెమటకు ఊడిపోతది కాబట్టి స్నానం చేసి, బాగ తుడుచుకొని, వెంట్రుకలు లేని చోట అంటించుకోవాలె. ప్యాచ్, గమ్ రెండు కలిపి వాడితే ఒక్కటి వాడినదానికంటే బాగ పని చేస్తదని తేలింది.

వారెనిక్లిన్ గోలీ. ఆ సైటిసిన్‌ను చూసి దాని పోలికతోనే తయారు చేసిన్రు. 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. సిగరెట్ ఆపే వారం ముందు నుంచే మొదలుపెట్టాలె. కడుపుల తిప్పుతది, తిన్నంకనే వేసుకోవాలె. "ఇది తింటే పిచ్చి లేస్తది" అని రూముల్లో ఒక మాట తిరుగుతున్నది. ఆ భయం డాక్టర్లకు కూడా ఉండె. అందుకే 8,000 మందికి పైగా మనుషుల మీద పెద్ద పరీక్ష చేసిన్రు, మానసిక జబ్బు ఉన్నోళ్లను కూడా కలుపుకొని. 2016లో ఫలితం వచ్చింది. డమ్మీ గోలీ తిన్నోళ్లకంటే వీళ్లకు అట్లాంటి బాధ చెప్పుకోదగినంత ఎక్కువ రాలేదు. మానినోళ్లు మాత్రం అన్నిటికంటే ఈ గోలీతోనే ఎక్కువ.

బుప్రోపియాన్ ఇంకో గోలీ. ఫిట్స్ ఉన్నోళ్లకు ఇది పనికిరాదు. అందుకే పక్క బెడ్ వాని గోలీలు అడుక్కొని మింగకండి. కిడ్నీ, ఫిట్స్, గుండె, ఏది ఉన్నా డాక్టరుకు ముందే చెప్పండి.

ఈ నాలుగింటినీ 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మందుతో పాటు మాట సాయం కూడా ఉండాలన్నది.

ఖైనీ, గుట్కా మందు కాదు, నోటి క్యాన్సర్ తెస్తది. బీడీ సిగరెట్ కంటే తక్కువ అనుకునేటోళ్లు, అది తప్పు. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను పదో తరగతి దాకా చదివించింది. తునికాకు వాసన నాకు అమ్మ వాసన. చుట్టే చేతుల మీద నాకు గౌరవమే, కానీ పొగ పొగనే. వేప్ పెన్నులు ఇండియాలో 2019 నుంచి నిషేధం. సెలవుకు పోయేటప్పుడు బ్యాగులో పెట్టుకోకండి.

నా సంగతి. మొదట ప్యాచ్, గమ్ వాడిన. రెండు నెలలు బాగనే ఉన్న. దసరాకు ఊరికి పోయి, దోస్తులతోటి కూసోని మళ్ల ముట్టించిన. సిగ్గుతోటి క్లినిక్‌కు పోతే డాక్టరు తిట్టలేదు. "ఎక్కడ జారినవు, ఎవరితోటి ఉన్నప్పుడు?" అని అడిగి, ఈసారి గోలీలు రాసిండు. పన్నెండు వారాలు వాడిన. ఇప్పటికి పద్నాలుగు నెలలు. ఇప్పటికీ స్లాబ్ అయిపోయిన రోజు చెయ్యి జేబులోకి పోతది. అప్పుడు ఐదు నిమిషాలు ఓర్చుకొని, ఒక బాటిల్ నీళ్లు తాగుత. ఆ కోరిక పోతది.

నలభై దాటినంక మానితే లాభమేంది అంటరా? బ్రిటన్‌లో డాక్టర్లనే 1951 నుంచి యాభై ఏండ్లు గమనించిన్రు. తాగుతూనే ఉన్నోళ్లకు సుమారు పదేండ్ల ఆయుష్షు తగ్గింది. నలభై ఏట మానినోళ్లకు అందులో తొమ్మిదేండ్లు మిగిలింది. యాభై ఏట మానితే ఆరు, అరవై ఏట మానినా మూడు.

పైసల లెక్క కూడా చెప్త. పెట్టె పది రియాళ్లే అనుకున్నా నెలకు మూడు వందలు. వెయ్యి రియాళ్ల కనీస జీతంలో మూడో వంతుకు దగ్గర. నెలలో తొమ్మిది రోజులు పొగ కోసమే ఎండలో నిలబడుతున్నం.

రేపు జూన్ ఒకటి. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట పని బంద్. రూములో ఊరికే కూసున్న టైంలోనే పెట్టెలు ఖాళీ అయితయి. ఆ టైంను మానడానికి వాడుకుందాం. ఇక్కడ హమద్ వాళ్ల పొగాకు నియంత్రణ కేంద్రం ఉన్నది. హెల్త్ కార్డు పట్టుకొని, ముందు అపాయింట్‌మెంట్ తీసుకొని పోవాలె. భాష రాకుంటే నేను వెంట వస్త. ఇంటి దగ్గర మీ నాయన, మీ అన్న తాగుతుంటే ఇండియాలో 1800-11-2356కు ఫోన్ చెయ్యమనండి, పైసలు పడవు.

నేను రెండు మాటలు ఇస్తున్న. ఒకటి, నా గ్యాంగులో ఇక సిగరెట్ పంచుడు లేదు. స్లాబ్ అయిపోతే లబన్, సమోసా. రెండు, క్లినిక్‌కు పోయేటోళ్లకు నా చేతిల ఉన్నంత మేరకు షిఫ్టు సర్దుత. పేరు గ్రూపులో పెట్టకండి, నాకు విడిగ మెసేజ్ పెట్టండి. మళ్ల జారినా పెట్టండి, నేను నవ్వను.

మొన్న ఆ తమ్మునికి ఫోన్ చేసిన. "అన్నా, మానిన. ఊర్లో సర్కారు దవాఖానల చూపించుకున్న" అన్నడు. ఇంకో మాట కూడా అన్నడు: "ఈ సంగతి అప్పుడే తెలిస్తే మంచిగుండు కదనే." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మీకైతే ఇప్పుడు తెలిసింది.

సెలవు.