చందా ఎవరి చేతికి చేరుతుంది?
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాసాయి, సంబూరు కుటుంబాల కోసం నిధులు సేకరించాలన్న ప్రతిపాదన మన ముందుంది. నేను దాన్ని బలపరుస్తున్నాను. అయితే ఎంత వసూలు చేద్దాం అనుకునే ముందు, ఆ డబ్బు ఎవరి చేతికి చేరుతుందో అడగాలి. నా మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటాయి.

మాసాయిలు దక్షిణ కెన్యాలోనూ, ఉత్తర టాంజానియాలోనూ ఉంటారు. సంబూరులు ఉత్తర కెన్యా వాళ్ళు. ఇద్దరి భాషా దాదాపు ఒకటే. ఆవులు, మేకలు, గొర్రెలే వాళ్ళ ఆస్తి. వాన పడిన చోటికల్లా మంద కదలాలి, కదలడానికి భూమి కావాలి. 1904, 1911 ఒప్పందాల పేరుతో బ్రిటిష్ పాలకులు మాసాయిలను రిఫ్ట్ లోయ, లైకీపియా మేత భూముల నుంచి వెళ్ళగొట్టి, ఆ భూములను తెల్లవాళ్ళకు కట్టబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాకా ఆ ఒత్తిడి ఆగలేదు. 2022 జూన్‌లో టాంజానియాలోని లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల భూమిని అభయారణ్యం కోసం వేరు చేస్తూ హద్దురాళ్ళు పాతినప్పుడు, అడ్డుకున్న మాసాయిలపై పోలీసులు కాల్పులు జరిపారు. వాళ్ళ పేదరికాన్ని ఒక్క వానల మీదికే నెట్టేయడం అన్యాయం.

ఆపైన కరువు. 2020 చివరి నుంచి 2022 చివరి దాకా వరసగా అయిదు వానకాలాలు మొహం చాటేశాయి. ఒక్క కెన్యాలోనే సుమారు 25 లక్షల పశువులు చనిపోయాయి.

ఈ నష్టం ఇంట్లో ఎవరి మీద పడుతుంది? కర్రలు పాతి, మట్టీ పేడా మెత్తి ఇల్లు కట్టేది స్త్రీ. నీళ్ళు, పుల్లలు మోసేదీ, పాలు పితికేదీ ఆమే. పాల మీద ఆమెకు హక్కుంది. ఆవును అమ్మే హక్కు మాత్రం మగవాడిది. మంద చచ్చిపోతే, ఓలి కింద వచ్చే పశువుల కోసం ఆడపిల్లకు తొందరగా పెళ్ళి చేస్తారు. పెళ్ళికి ముందు ఆమె జననాంగాలను కోసే ఆచారం ఉంది. కెన్యా దీన్ని 2011 చట్టంతో నిషేధించింది. 2014 వివాహ చట్టం పెళ్ళి వయసును 18 ఏళ్ళు చేసింది. అయినా, 2022 ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 15 శాతం ఈ హింసకు గురైనవారే. సంబూరు కౌంటీలో ఆ శాతం ఇంకా చాలా ఎక్కువ.

ఇప్పుడు మన చందాతో పది మేకలు కొన్నామనుకోండి. వాటిని ఎవరి పేర రాస్తారు? ఈ ప్రశ్న ఎందుకంటే, అక్కడ ఒకసారి జరిగింది. 1968 చట్టం కింద మాసాయి భూములను ఉమ్మడి పశుక్షేత్రాలుగా నమోదు చేసినప్పుడు, సభ్యులుగా ఎక్కువగా ఇంటి మగపెద్దలనే రాశారు. తర్వాత ఆ భూములు పంచుకుంటే పట్టాలు వాళ్ళకే వెళ్ళాయి. ఇల్లు కట్టిన స్త్రీకి ఆ ఇంటి కింది నేల మీద కాగితం లేదు. 2010 రాజ్యాంగం, 2016 సామూహిక భూముల చట్టం స్త్రీకి సమాన హక్కు ఇచ్చాయి. కాగితం మీది హక్కు చేతికి రావడానికి ఎంత పోరాటం కావాలో మనకు తెలియనిది కాదు. పొదుపు సంఘం అప్పు భార్య పేర వచ్చి, డబ్బు భర్త జేబులోకి పోవడం మనం చూస్తూనే ఉన్నాం.

అక్కడి స్త్రీలు మన సాయం కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1990లో సంబూరు ప్రాంతంలో, ఆర్చర్స్ పోస్ట్ దగ్గర, హింస నుంచి బయటపడిన స్త్రీలు రెబెక్కా లోలోసోలి నాయకత్వంలో ఉమోజా అనే ఊరు కట్టుకున్నారు. స్వాహిలీలో ఆ మాటకు ఐక్యత అని అర్థం. పూసల దండలు అమ్మి, పర్యాటకులకు విడిది నడిపి పిల్లలకు బడి పెట్టుకున్నారు. మన పొదుపు సంఘాల వంటి ‘చామా’లు కెన్యా అంతటా ఉన్నాయి.

అందుకని నా సూచనలు ఇవి. చందా స్త్రీల సంఘాల ద్వారానే వెళ్ళాలి. కొన్న మేకైనా, ఒంటైనా ఆమె పేర నమోదు కావాలి, అమ్మే హక్కుతో సహా. కొంత భాగం ఆడపిల్లల హాస్టలు ఖర్చుకు విడిగా ఉంచాలి. ఎండిన ఒళ్ళు, ఏడ్చే పిల్లల ఫొటోలతో చందా అడగొద్దు. పూసలు కొంటే వాళ్ళు చెప్పిన ధరకే కొనాలి. డబ్బు దేశం దాటించడానికి విదేశీ మారక ద్రవ్య నిబంధనలు ఉన్నాయి కనుక ఆడిటరును ముందే అడగాలి. ప్రతి రూపాయి లెక్కా అక్కడి స్త్రీలూ చూడగలగాలి.

కరువులో ఇన్ని ప్రశ్నలా అని కొందరు అడగొచ్చు. ఆకలికి తిండి వెంటనే పంపాల్సిందే, అందులో వాదం లేదు. కానీ తిండి ఒక నెలది. మేక, పట్టా, చదువు ఒక తరానివి. మన పల్లెల్లో పేదలు లేరా అనీ అడుగుతారు. ఉన్నారు, వాళ్ళ కోసం చేసే పని ఆపమని ఎవరూ అనడం లేదు. ‘ఎవరి పేర’ అన్న ప్రశ్న అనంతపురంలోనూ, సంబూరులోనూ ఒకటే కనుక, అక్కడ వేసే అడుగు ఇక్కడి పనికీ బలమిస్తుంది.

ఈ షరతులను తీర్మానంలో రాసుకున్నాకే చందా పుస్తకం తెరుద్దామని కోరుతున్నాను.