పలుచని పొరల ఉష్ణవాహకత – కొలిచే విధానం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో రాడార్ల మీద, రేడియో సెట్ల మీద పనిచేసినవాళ్లు చాలామందే ఉన్నారు. ట్రాన్స్‌మిటర్ మొరాయిస్తే మనం ముందు అనుమానించేది వేడినే కదా! కొత్త రాడార్లలో గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు వస్తున్నాయి. ఆ చిప్‌లను పరిమితంగా ఉత్పత్తి చేసే సామర్థ్యం మన హైదరాబాదులోని గేటెక్‌లో ఏర్పడిందని 2024లో డి.ఆర్.డి.ఓ. ప్రకటించింది. ఆ ట్రాన్సిస్టర్‌లో పుట్టిన వేడి కొన్ని పలుచని పొరలు దాటితేగాని హీట్ సింక్‌కు చేరదు. ఏ పొర ఎంత వేడిని పోనిస్తుందో తెలియకపోతే డిజైన్ అంతా ఊహే.

పుస్తకంలో అంకె చూసుకుంటే చాలదా అంటారేమో. చాలదండి. గది ఉష్ణోగ్రత దగ్గర సిలికాన్ దిమ్మ ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 148 వాట్లు. అదే సిలికాన్‌ను 100 నానోమీటర్ల పొరగా చేస్తే అందులో సగం కూడా ఉండదు. వేడిని మోసే స్ఫటిక కంపనాలు పొర అంచులకు తగిలి చెదిరిపోవడమే కారణం.

మరి కొలిచేదెలా? కడ్డీకైతే ఒక చివర వేడిచేసి రెండు థర్మోకపుల్స్ పెడతాం. పొర కన్నా థర్మోకపుల్ తీగే ఎన్నో రెట్లు లావు! ఇక్కడ పనికొచ్చేది 'త్రీ ఒమేగా' పద్ధతి. 1990లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ కాహిల్ దీన్ని వివరంగా ప్రచురించారు.

పొర మీద సన్నని లోహపు గీత వేస్తారు. పొరలో కరెంటు పారేటట్లయితే మధ్యలో ఇన్సులేషన్ తప్పనిసరి. ఆ గీతే హీటరు, ఆ గీతే థర్మామీటరు. 500 హెర్ట్జ్ ఏ.సి. పంపామనుకోండి. కరెంటు ఎటు పారినా వేడి పుడుతుంది కాబట్టి వేడి 1000 హెర్ట్జ్‌లో ఊగుతుంది. దానితోపాటు గీత నిరోధమూ ఊగుతుంది. ఆ నిరోధాన్ని కరెంటుతో గుణిస్తే వోల్టేజిలో 1500 హెర్ట్జ్ భాగం కనిపిస్తుంది. అసలు వోల్టేజి ముందు అది చాలా చిన్నది. దాన్ని లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో ఏరి, గీత ఎంత వేడెక్కిందో లెక్కగడతారు. పొర ఉన్న నమూనాకు, లేని నమూనాకు మధ్య తేడాయే పొర వల్ల పెరిగిన వేడి.

అయితే ఒక జాగ్రత్త. ఆ తేడాలో పొరలు కలిసే అతుకుల అడ్డంకి కూడా ఉంటుంది. అందుకే వేర్వేరు మందాల పొరలు కొలిచి గ్రాఫు గీయాలి. గీత వాలు పొర సంగతి చెబుతుంది. మందం సున్నా దగ్గర మిగిలేది అతుకుల అడ్డంకి. ఈ రెంటినీ విడదీయకపోతే మంచి పొరను చెడ్డదనుకుని పారేస్తాం, అసలు దోషమున్న అతుకును వదిలేస్తాం. సరిహద్దులో రాత్రింబవళ్లు నడవాల్సిన రాడార్‌కు అది చిన్న విషయం కాదు.