మూలికలే గదా!
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరకినపుడు ఈ బీరువాలలోని పురాణములను, నిఘంటువులను గురువు లేకయే చదువుకొన్నవాడను. ఐనను ఈ విషయమును నేనే కోరి తీసికొంటిని. మన చెఱువు గట్టుపై పోలీసు ఉద్యోగపు పరీక్షకై 1600 మీటర్ల పరుగు సాధన చేయు పిల్లలలో మా తమ్ముని కుమారు డొకడు. గత పరీక్షకు ముందు, ఎవరో చెప్పగా, ఒక డబ్బాలోని చూర్ణమును మోతాదు మించి త్రాగెను. వలదంటిని. "మూలికలే గదా, పెదనాన్నా!" అనెను. ఆ రాత్రి నిద్ర లేదు. ఉదయమున చేతులు వణకెను, గుండె దడదడ కొట్టుకొనెను. మొదటి చుట్టుననే బలమంతయు వెచ్చించి, మూడవ చుట్టున కూలబడెను.

"మూలికలే గదా" అన్న ఆ మాటను గూర్చియే నేను రెండు ముక్కలు చెప్పదలచితిని.

1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. మండుటెండలో, దుమ్ము రేగు బాటలపై మారథాన్ పరుగు. బయలుదేరినవారు 32 మంది, గమ్యము చేరినవారు 14 మంది. థామస్ హిక్స్ అను నాతడు దారిలో సొమ్మసిల్లుచుండగా, వెంటనున్నవారు నీరడిగిన ఈయక, కోడిగ్రుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నీనను మందును కలిపి త్రాగించిరి. మఱల నొకసారి బ్రాందితో నిచ్చిరి. మొదటి మోతాదు సుమారు ఒక మిల్లీగ్రాము మాత్రమే. అతడు మతి చలించి, ఇరువురి ఊతతో గమ్యము చేరెను. విజేతగా ప్రకటింపబడెను గాని, ఆ స్థితిలో తన విజయమును తా నెఱుగునో లేదో!

ఆ స్ట్రిక్నీను ఎక్కడిదందురు? మన నల్లమలలో పెరుగు ముష్టి చెట్టు గింజయందలిది. బొత్తామువలె గుండ్రముగ, నునుపు నూగుతో చూడముచ్చటగా నుండు గింజ. సంస్కృతమున దీనికి కుపీలువు, విషతిందుకము అని పేళ్లు. పేరులోనే విషమున్నది! ఆయుర్వేదమున దీనిని పాలు మొదలగువానితో శోధింపక వాడరాదన్న నియమము కలదు. కండరములను అదుపులో నుంచు నాడీసంకేతముల నిది అడ్డగించును. పగ్గము తెంపిన ఎద్దు వేగముగ పోవును, నిజమే. బండి యేమగును?

ఇక కాఫీ. ఇది అంతటి విషము కాదు. నేను దినమునకు మూడు మార్లు సేవించువాడను, నిందించుటకు నాకు నోరు రాదు. శ్రమ కొలదియు, మెలకువ కొలదియు మెదడునందు అడినోసిన్ అను పదార్థము పేరుకొని, "ఇక విశ్రమింపుము" అని తెలుపుచుండును. కాఫీ, తేయాకులలోని కెఫీన్ ఆ వార్త నందుకొను స్థానములను తానాక్రమించును. మా తాతగారి నాటి చిట్టాల భాషలో చెప్పవలెనన్న, శిస్తు రద్దు కాలేదు, తాఖీదు మాత్రమే ఆగినది. అయినను ఆ కొంతసేపు దృష్టి నిలుచును, కదలిక చురుకగును, శ్రమ తక్కువగా తోచును. ఇది పరిశోధనలలో పలుమార్లు తేలినది. 2004లో క్రీడా నిషేధపట్టికనుండి కెఫీనును తొలగించిరి కూడ.

మోతాదు? శరీరపు బరువు కిలో ఒక్కింటికి మూడు మిల్లీగ్రాములు చాలును. అరువది కిలోల యువకునకు నూట ఎనుబది, అనగా ఇంచుమించు రెండు గిన్నెల చిక్కని కాఫీ. పరుగునకు గంట ముందు త్రాగవలెను. ఇక్కడ నా లెక్క వినుడు. దాని బలము సగమగుటకు సుమారు ఐదు గంటలు పట్టును. సాయంకాలము ఆరింటికి త్రాగినది రాత్రి పదునొకండింటికి సగము, తెల్లవారుజాము నాలుగింటికి పాతిక భాగము నిలిచియుండును. ఆ పాతిక నిద్రను తినివేయును. నిద్ర చెడినవాని బుద్ధికి మఱునాడు ఏ గిన్నెయు పూర్తిగా సాయపడజాలదు.

తేయాకులో కెఫీన్ తక్కువ. 1949లో జపానుయందు దానినుండి వేరుచేసిన థియనిన్ కెఫీనుతో కలిసి మనస్సును నిలుకడపరచునని కొన్ని పరిశోధనలు చెప్పుచున్నవి. బ్రాహ్మి వారములకొలది సేవించినగాని పనిచేయదు, పరుగు నాటి ఉదయమున మ్రింగుట వృథా. పెన్నేరును ఉత్తేజకమని అమ్ముదురు గాని, దాని శాస్త్రీయ నామమునందలి లాటిన్ పదమునకు నిద్రను గొల్పునదని అర్థము! తాంబూలపు వక్కయు ఉత్తేజకమే. అది క్యాన్సరునకు హేతువని నిర్ణయమైనది. ఈ మాట ముందు వరుసలోని పెద్దలకు రుచింపదని యెఱుగుదును, మన్నింపుడు.

మా అబ్బాయి మఱల సాధన చేయుచున్నాడు. చూర్ణపు డబ్బాను మా తమ్ముడు పారవేసినాడు. రాత్రి కాఫీ మాని, పెందలకడ పడుకొని, వేకువన ఒక్క గిన్నె మాత్రమే త్రాగుచున్నాడట. ఆ గిన్నె మాత్రము మునుపటికంటె పెద్దదని మా మరదలు చెప్పుచున్నది.